పాత స్పీకర్లకు సరళాదేశం

తెలుగు వ్యాకరణంలో క, చ, ట, త, ప లను పరుషాలంటాం. ద్రుతం పక్కన చేరితే అవే గ, జ, డ, ద, బ లుగా మారిపోతాయి. పూచెను, కలువలు కలిసి పూచెఁగలువలు అయినట్టు. మాట పోలేదు, అర్థం పోలేదు, పదును మాత్రం కాస్త తగ్గింది. స్కూల్లో ఈ సంధిని రెండు మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేసిన వాళ్ళమే మనలో చాలామంది. సరిగ్గా అదే పని ఒక పాత స్పీకర్ బాక్సు లోపల ఎలా చేయాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. లిటరరీ క్లబ్ పత్రికలో కెపాసిటర్ల గోలేంటి అనుకోకండి. పాట వినడం మన సబ్జెక్టే కదా!

పాత స్పీకర్లున్న ఇళ్ళలో ఒక ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. "బేస్ బాగుంది, తాళాలు బాగున్నాయి, కానీ గొంతు దగ్గరికొచ్చేసరికి చెవిలో గుచ్చుకుంటోంది." వాల్యూమ్ తగ్గిస్తే ప్రాణం పోయినట్టుంటుంది, పెంచితే అరిచినట్టుంటుంది. రెండు పాటలయ్యాక మనకే తెలియకుండా చెయ్యి ఆఫ్ స్విచ్ మీదికి పోతుంది. ఇదే మిడ్‌రేంజ్ కరుకుదనం. దీనికి కారణం ఎక్కువసార్లు స్పీకర్ కోన్లలో కంటే వాటికి సిగ్నల్ పంచే క్రాస్ఓవర్‌లో దొరుకుతుంది. అందుకే కొన్ని రూపాయల రెసిస్టర్, ఒక సోల్డరింగ్ ఐరన్, కాస్త ఓపిక ఉంటే చాలాసార్లు దీన్ని సరిచేయొచ్చు. ఓపిక లేకపోతే మళ్ళీ దొరకని స్పీకర్‌ని పాడుచేయొచ్చు కూడా.

ముందు చెవి సంగతి

మన చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనూ సమానంగా వినదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి వక్రరేఖలు గీశారు. 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య మన చెవి అత్యంత చురుకు. దీనికి ఒక కారణం చెవి నాళమే. అది సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవున్న, ఒకవైపు మూసిన గొట్టం. ఫిజిక్స్‌లో చదివిన రెజొనెన్స్ ట్యూబే అనుకోండి. పొడవుకి నాలుగు రెట్లు తరంగదైర్ఘ్యం. 343 ని 0.1 తో భాగిస్తే 3430 హెర్ట్జ్. అంటే ప్రకృతే మన చెవిలో 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ఆంప్లిఫయర్ పెట్టి పంపింది. అందుకే బేస్‌లో 2 డెసిబెల్స్ తేడా వస్తే పట్టించుకోని మనిషి, ఇక్కడ 2 డెసిబెల్స్ పెరిగితే మొహం చిట్లిస్తాడు.

కరుకుదనం మిడ్‌రేంజ్‌దా, ట్వీటర్‌దా అని తేల్చడానికి మన భాషలోనే ఒక మంచి పరీక్ష ఉంది. శ, ష, స లను ఊష్మాలంటాం కదా. వీటిలో 'శ' శబ్దపు బలం సుమారు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో మొదలవుతుంది. 'స' బలం 5 కిలోహెర్ట్జ్ దాటి పైన ఉంటుంది. కాబట్టి ఉచ్చారణ స్పష్టంగా ఉన్న గొంతుని, శ ని శ లాగే పలికే మనిషిని, మొబైల్లో రికార్డు చేసి స్పీకర్‌లో వినండి. "శిశువు, శేషం, ఆశ" అన్నప్పుడు చెవి నొస్తే తప్పు మిడ్‌రేంజ్ దగ్గర. "సీసా, సన్నజాజి" అన్నప్పుడు ఉస్సుమని బుసకొడితే తప్పు ట్వీటర్ దగ్గర. రెండూ బాగుండి, ఒక్క వయొలినో నాదస్వరమో ఎక్కువ వాల్యూమ్‌లో మాత్రమే గీసుకుంటుంటే ఆంప్లిఫయర్‌నీ, రికార్డింగునీ కూడా అనుమానించాలి. ఈ పరీక్షకి ఖర్చు సున్నా. దీన్ని దాటేసి నేరుగా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

ఉదాహరణగా ఒక ప్రసిద్ధ బాక్సు

మాటలు గాల్లో తేలకుండా ఒక నిజమైన స్పీకర్ తీసుకుందాం. జేబీఎల్ కంపెనీ 1970లో తెచ్చిన ఎల్100 సెంచరీ. స్టూడియోల్లో వాడే 4310 మానిటర్‌కి ఇది ఇంటి రూపం. నారింజ, నీలం, గోధుమ రంగుల్లో, చాక్లెట్ ముక్కల్లా గళ్ళు గళ్ళుగా ఉండే ఫోమ్ ముసుగు దీని గుర్తు. 1970లలో లక్షకు పైగా జతలు అమ్ముడైంది. లోపల 12 అంగుళాల వూఫర్, 5 అంగుళాల మిడ్‌రేంజ్, 1.4 అంగుళాల పేపర్ కోన్ ట్వీటర్. ముందు వైపు రెండు నాబ్‌లు. మిడ్‌రేంజ్‌ది 'ప్రెజెన్స్', ట్వీటర్‌ది 'బ్రిలియన్స్'.

ఇప్పుడు దీని క్రాస్ఓవర్ చూస్తే మీరు నమ్మరు. మిడ్‌రేంజ్‌కి వరసలో ఒక 8 మైక్రోఫారడ్ కెపాసిటర్, ట్వీటర్‌కి వరసలో ఒక 3 మైక్రోఫారడ్ కెపాసిటర్, రెండు నాబ్‌లు. అంతే! వూఫర్‌కి ఒక్క కాయిల్ కూడా లేదు. ఆంప్లిఫయర్ వైర్ నేరుగా దానికే పోతుంది.

క్రాస్ఓవర్ గురించి తెలియని వాళ్ళకి ఒక్క మాట. పెద్ద కాలువలోంచి తూములు పెట్టి ఎవరి మడికి కావలసిన నీళ్ళు వాళ్ళకి పంచుతారు చూశారా, క్రాస్ఓవర్ పని అదే. కెపాసిటర్ కింది ఫ్రీక్వెన్సీలని ఆపి పైవాటిని వదులుతుంది. కాయిల్, అంటే ఇండక్టర్, పైవాటిని ఆపి కిందివాటిని వదులుతుంది. ఎల్100లో వూఫర్‌కి పైన తూము మూయలేదు. మిడ్‌రేంజ్‌కి కూడా కింద మాత్రమే మూశారు, పైన మూయలేదు. కోన్ దానంతటది ఎక్కడ అలసిపోతే అక్కడ ఆగుతుందని వదిలేశారు. అంటే సుమారు 1500 నుంచి 4000 హెర్ట్జ్ దాకా వూఫర్, మిడ్‌రేంజ్ రెండూ పాడుతుంటాయి. ఒకే మడికి రెండు తూముల నీళ్ళు.

ఇది ఆ డిజైనర్ల అజ్ఞానం కాదు. తక్కువ భాగాలుంటే సిగ్నల్‌కి అడ్డంకులు తక్కువ, ఆ దూకుడు శబ్దమే ఆనాటి రాక్ సంగీతానికి నప్పింది, జనం ఎగబడి కొన్నారు కూడా. కానీ అదే కంపెనీ 2018లో ఎల్100 క్లాసిక్ అని కొత్త రూపం తెచ్చినప్పుడు వూఫర్‌ని 450 హెర్ట్జ్ దగ్గరే ఆపి, మిడ్‌రేంజ్‌ని 3.5 కిలోహెర్ట్జ్ దగ్గర ఆపింది. చూడటానికి పాతదే, పంపకం పూర్తిగా కొత్తది. కరుకుదనం ఎక్కడ దాక్కుంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 12 అంగుళాల కోన్ 3000 హెర్ట్జ్ శబ్దాన్ని పుట్టించేటప్పుడు తరంగదైర్ఘ్యం సుమారు 11 సెంటీమీటర్లు. కోన్ దానికంటే రెట్టింపు పైగా వెడల్పు. అలాంటప్పుడు శబ్దం టార్చిలైట్ వెలుగులా నేరుగా ముందుకే పోతుంది, పక్కలకి పోదు. సోఫా మధ్యలో కూర్చున్న వాళ్ళకి ఒక స్పీకర్, చివర్లో కూర్చున్న వాళ్ళకి ఇంకో స్పీకర్ వినిపిస్తుంది. "నాకు బాగానే ఉంది కదా" అని ఒకరు, "నాకు తలనొప్పి" అని ఇంకొకరు ఒకే ఇంట్లో వాదించుకోవడానికి ఇదొక కారణం.

బాక్సు తెరవక ముందు

మొదట నాబ్‌లు తిప్పి చూడండి. పాత స్పీకర్లలో ఉండే ఈ నాబ్ మామూలు వాల్యూమ్ కంట్రోల్ కాదు, దాన్ని ఎల్-ప్యాడ్ అంటారు. లోపల రెండు భాగాలుంటాయి. ఒకటి డ్రైవర్‌కి వరసలో, ఇంకోటి డ్రైవర్‌కి అడ్డంగా. ఎంత తిప్పినా క్రాస్ఓవర్‌కి కనిపించే ఇంపీడెన్స్ మారకుండా ఉండాలని ఈ ఏర్పాటు.

యాభై ఏళ్ళ తుప్పు ఇక్కడ ఒక తమాషా చేస్తుంది. వరస భాగం కాంటాక్ట్ పోతే మిడ్‌రేంజ్ మూగబోతుంది, అది అందరికీ తెలిసిపోతుంది. కానీ అడ్డ భాగం కాంటాక్ట్ పోతే శబ్దం ఆగదు, పెరుగుతుంది! లెక్క చూడండి. 8 ఓమ్ డ్రైవర్‌ని 6 డెసిబెల్స్ తగ్గించాలంటే వరసలో 4 ఓమ్, అడ్డంగా 8 ఓమ్ కావాలి. ఆ అడ్డ 8 ఓమ్ ఊడిపోయిందనుకోండి, మిగిలిన 4 ఓమ్ వల్ల తగ్గేది 3.5 డెసిబెల్స్ మాత్రమే. నాబ్ తగ్గించిన చోటే ఉంది, మిడ్‌రేంజ్ మాత్రం 2.5 డెసిబెల్స్ ఎక్కువ అరుస్తోంది. చెవి అత్యంత చురుగ్గా ఉండే చోట అది చాలా పెద్ద తేడా. కాబట్టి మొదటి వైద్యం కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై ముప్పై సార్లు తిప్పడం. చాలా జబ్బులు ఇక్కడే తగ్గిపోతాయి.

రెండోది గది. నాలుగు గోడలూ నున్నటి సిమెంటు, కింద టైల్స్, ఒక ఇనప బీరువా. ఇలాంటి గదిలో ఎంత మంచి స్పీకరైనా కరుకుగానే పలుకుతుంది. ఒక పరుపు గోడకి ఆనించి, కింద దుప్పటి పరిచి మళ్ళీ వినండి. తేడా గట్టిగా తెలిస్తే దోషం క్రాస్ఓవర్‌ది కాదు.

తెరిచాక: వైర్లు, వాటి దిక్కులు

ఇక నిజంగానే తెరవాల్సి వచ్చింది. మొదటి పని ఫొటో తీయడం. ఏ రంగు వైరు ఏ టెర్మినల్‌కి పోతోందో కాగితం మీద గీసుకోవడం. రెండు స్పీకర్లలో ఒకదాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టడం. పోల్చుకోవడానికి మూలప్రతి ఉండాలి కదా! పాఠపరిష్కర్తలు తాళపత్రం విషయంలో పాటించే నియమమే ఇది.

తర్వాత పొలారిటీ, అంటే ప్లస్ మైనస్‌ల దిక్కు. 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ని డ్రైవర్ ఎర్ర టెర్మినల్‌కి, మైనస్‌ని రెండో దానికి ఒక్క క్షణం తాకిస్తే కోన్ ముందుకి రావాలి. మామూలు నియమం ఇది. ట్వీటర్‌కి ఈ పరీక్ష వద్దు, కదలిక కంటికి కనిపించదు, పైగా దాని సన్నటి కాయిల్‌కి ప్రమాదం. వూఫర్‌కి, మిడ్‌రేంజ్‌కి చాలు.

ఇక్కడ జేబీఎల్‌లో ఒక ఉచ్చు ఉంది. ఆ కంపెనీ పాత డ్రైవర్లలో దిక్కు తిరగబడి ఉంటుంది. ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే కోన్ వెనక్కి పోతుంది. అది లోపం కాదు, వాళ్ళ అప్పటి పద్ధతి. అన్ని డ్రైవర్లూ అదే పద్ధతిలో ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఎప్పుడో ఒక మిడ్‌రేంజ్ కాలిపోయి, దాని చోట వేరే కంపెనీది పెట్టి, "ఎరుపుకి ఎరుపు" అని కనెక్షన్ ఇచ్చేస్తే అక్కడ మొదలవుతుంది కథ. పాత స్పీకర్ కొంటున్నవాళ్ళు ముందు బ్యాటరీ పరీక్ష చేయాల్సింది ఇందుకే.

పొలారిటీ తిరగబడితే ఏమవుతుంది? అది క్రాస్ఓవర్ ఎంత నిటారుగా కోస్తోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఒక్కో డ్రైవర్‌కి ఒక్కటే భాగం ఉంటే అది ఫస్ట్ ఆర్డర్, ఆక్టేవ్‌కి 6 డెసిబెల్స్ కోత. క్రాస్ఓవర్ బిందువు దగ్గర ఒకటి 45 డిగ్రీలు వెనక, ఇంకోటి 45 డిగ్రీలు ముందు. మధ్య తేడా 90. ఇలాంటి చోట మిడ్‌రేంజ్ వైర్లు అటూ ఇటూ మార్చినా ఎదురుగా కొలిస్తే మొత్తం శబ్దం దాదాపు అంతే. మారేది శబ్దం వంగే దిక్కు. ఒక పద్ధతిలో పైకి, ఇంకో పద్ధతిలో కిందికి వంగుతుంది. కాబట్టి కూర్చుని వినే ఎత్తులో చెవికి తగిలే మిడ్‌రేంజ్ మారిపోతుంది.

సెకండ్ ఆర్డర్‌లో, అంటే ఒక కెపాసిటర్, ఒక కాయిల్ కలిసి 12 డెసిబెల్స్ చొప్పున కోసేచోట, రెండింటి మధ్య తేడా 180 డిగ్రీలు. వైర్లు నేరుగా ఇస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అక్కడ పెద్ద గుంట పడుతుంది. అందుకే పాత త్రీ-వే స్పీకర్లు చాలావాటిలో మిడ్‌రేంజ్‌ని కావాలనే తిరగేసి కలుపుతారు. తెలియని రిపేరర్ దాన్ని చూసి "అయ్యో, ఎవడో తప్పు కలిపాడు" అని సరిదిద్దేస్తే స్పీకర్ పాడైనట్టే. గుంట పడితే శబ్దం తగ్గాలి కదా, కరుకుదనం ఎందుకొస్తుంది? గుంట పక్కనున్న గట్టు ఎత్తుగా కనిపిస్తుంది కాబట్టి. 1500 దగ్గర పల్లం ఏర్పడితే 3000 దగ్గర ఉన్న మామూలు శబ్దం కూడా పొడుచుకొచ్చినట్టు వినిపిస్తుంది. గొంతులో నిండుదనం పోయి అంచులు మాత్రం మిగులుతాయి.

కాబట్టి మిడ్‌రేంజ్ వైర్లు మార్చి వినడం ఉచిత ప్రయోగం. నచ్చకపోతే మళ్ళీ మార్చేయొచ్చు. రెండే నియమాలు. ఆంప్లిఫయర్ ఆఫ్ చేసి మార్చాలి. ఏది ఖాయం చేస్తే అది రెండు స్పీకర్లలోనూ ఒకేలా చేయాలి. ఒకటి ఇటు, ఇంకోటి అటు ఉంటే గాయని నడిమధ్య నిలబడకుండా గది నిండా తిరుగుతూ పాడుతుంది.

కెపాసిటర్లు మార్చాక కరుకు పెరిగిందా?

ఇది చాలామందికి ఎదురయ్యేదే. మా బ్యాచ్‌మేట్ వాళ్ళ నాన్నగారి దగ్గర ఒక త్రీ-వే స్పీకర్ల జత ఉంది. కంపెనీ ఏదైనా కథ ఒకటే కాబట్టి పేరు వదిలేద్దాం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వినే తీరిక లేదు. రిటైరయ్యాక తీరిగ్గా వినొచ్చని ఒక షాపులో ఇచ్చి పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు తీయించి, ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్లు వేయించారు. అప్పటినుంచి సుశీల పాట రెండు నిమిషాలు వినలేకపోతున్నారు. "వయసు నాకొచ్చిందా, దీనికొచ్చిందా?" అని అమ్మేద్దామనుకున్నారు.

అదృష్టం కొద్దీ తీసేసిన కెపాసిటర్లు ఒక కవర్లో దాచి ఉంచారు. ల్యాబ్‌లో ఎల్సీఆర్ మీటర్ మీద పెట్టి చూశాం. 10 మైక్రోఫారడ్ అని రాసి ఉన్నది 11 పైన చూపించింది. అది పెద్ద విషయం కాదు. అసలు విషయం దాని లోపలి రెసిస్టెన్స్, అంటే ఈఎస్సార్, దాదాపు 1 ఓమ్. కొత్త ఫిల్మ్ కెపాసిటర్‌లో అది ఇంచుమించు సున్నా. పాత కెపాసిటర్ కెపాసిటర్‌గా పనిచేస్తూనే 1 ఓమ్ రెసిస్టర్ ఉద్యోగం కూడా జీతం లేకుండా చేస్తోందన్నమాట. 8 ఓమ్ డ్రైవర్ ముందు 1 ఓమ్ అంటే 1 డెసిబెల్ తగ్గుదల. మంచి కెపాసిటర్ వేయగానే ఆ 1 డెసిబెల్ తిరిగొచ్చింది, అదీ సరిగ్గా చెవికి గుచ్చుకునే చోట.

చేసిన వైద్యం రెండు రెసిస్టర్లు. 1 ఓమ్, 10 వాట్లు, ఒక్కో మిడ్‌రేంజ్‌కి వరసలో ఒకటి. అంతకుముందు మా వాడు ఏ బాక్సులో ఏముందో చెప్పకుండా ఆయన్ని కూర్చోబెట్టి, ఒకదానికి రెసిస్టర్ పెట్టి, ఒకదానికి పెట్టకుండా, మార్చి మార్చి వినిపించాడు. ఐదుసార్లూ ఆయన ఒకదాన్నే చూపించారు. "పాట అదే, పాడే మనిషి కుదుటపడింది" అన్నారు. ఆ జత ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది.

దీనర్థం పాత కెపాసిటర్లు ఉంచేయమని కాదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి ఆయుష్షు ఉంది, ఎండిపోతాయి, మార్చాల్సిందే. కానీ మార్చేముందు కొలవాలి. కొత్తదాంట్లో లేని రెసిస్టెన్స్‌ని బయట రెసిస్టర్‌గా పెట్టి చూడాలి. పాతవాటిని పారేయకూడదు.

లెవెల్ తగ్గించడం: ఒక రెసిస్టరా, రెండా?

వరసలో ఒక్క రెసిస్టర్ పెట్టడం సులువే. కానీ 1 ఓమ్ దాటి ఎక్కువ తగ్గించాల్సి వస్తే ఇంకో పరిణామం ఉంటుంది. కెపాసిటర్ కోసే ఫ్రీక్వెన్సీ సూత్రం మనందరికీ తెలిసిందే: 1 ని 2, పై, ఆర్, సీల లబ్ధంతో భాగించాలి. 8 ఓమ్, 8 మైక్రోఫారడ్ అయితే 2487 హెర్ట్జ్. వరసలో 2.3 ఓమ్ చేరిస్తే ఆర్ విలువ 10.3 అవుతుంది, ఫ్రీక్వెన్సీ సుమారు 1930 కి దిగుతుంది. అంటే మిడ్‌రేంజ్ లెవెల్ తగ్గించబోయి దాన్ని ఇంకా కిందికి, వూఫర్ మడిలోకి తోశాం.

అందుకే రెండు రెసిస్టర్ల ఎల్-ప్యాడ్. 8 ఓమ్ డ్రైవర్‌కి ఇవి గుర్తుపెట్టుకోదగ్గ లెక్కలు. 2 డెసిబెల్స్ తగ్గించాలంటే వరసలో 1.6 ఓమ్, అడ్డంగా 31 ఓమ్. 3 డెసిబెల్స్‌కి వరసలో 2.3, అడ్డంగా 19. దొరికే విలువల్లో దగ్గరివి తీసుకోండి, 33 ఓమ్, 18 ఓమ్ సరిపోతాయి. 10 వాట్ల సిరామిక్ రెసిస్టర్లు కోఠీ గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ మార్కెట్లలో దొరుకుతాయి. ఎల్-ప్యాడ్‌ని కెపాసిటర్ తర్వాత, డ్రైవర్‌కి ముందు పెట్టాలి. ముందూ వెనకా మారితే లెక్క మారిపోతుంది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. ఎల్100 స్పెసిఫికేషన్లలో క్రాస్ఓవర్ 1500 హెర్ట్జ్ అని ఉంటే లెక్కలో 2487 ఎందుకొచ్చింది? డ్రైవర్ మీద రాసిన 8 ఓమ్ ఒక పేరు మాత్రమే. నిజమైన ఇంపీడెన్స్ ప్రతి ఫ్రీక్వెన్సీకీ మారుతుంటుంది. పైగా రెండు డ్రైవర్ల శబ్దం గాలిలో సమానమయ్యే చోటు, కెపాసిటర్ సూత్రం ఇచ్చే చోటు ఒకటి కానక్కర్లేదు. డ్రైవర్ల సహజ వాలు, వాటి బలాబలాలు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. కాబట్టి సూత్రం మనకి దిక్కు చూపిస్తుంది, దూరం చెప్పదు. దూరానికి మైక్ కావాలి.

కోత మార్చడం

లెవెల్ తగ్గించినా గొంతు పలచబడటం తప్ప కరుకు పోలేదంటే అప్పుడు కోతల జోలికి వెళ్ళాలి. మూడు దారులున్నాయి, చిన్నదాని నుంచి పెద్దదానికి.

మొదటిది కెపాసిటర్ విలువ తగ్గించడం. 8 బదులు 6.8 మైక్రోఫారడ్ పెడితే లెక్క ప్రకారం 2487 నుంచి 2930 దాకా జరుగుతుంది. వూఫర్‌తో కలిసి పాడే ప్రాంతంలో మిడ్‌రేంజ్ కాస్త వెనక్కి తగ్గుతుంది. మిడ్‌రేంజ్ మీద భారం కూడా తగ్గుతుంది. విలువ పెంచడం మాత్రం దీనికి పూర్తి వ్యతిరేకం. మిడ్‌రేంజ్ కిందికి దిగి ఎక్కువ ఊగుతుంది, ఎక్కువ వాల్యూమ్‌లో కాలిపోయే ప్రమాదం ఉంది.

రెండోది లేని కాయిల్స్ పెట్టడం. మిడ్‌రేంజ్‌కి వరసలో 0.2 మిల్లీహెన్రీ కాయిల్ పెడితే 8 ఓమ్ లెక్కన సుమారు 6 కిలోహెర్ట్జ్ పైన దాని నోరు మూతపడుతుంది, ట్వీటర్‌తో తగువు తగ్గుతుంది. వూఫర్‌కి కాయిల్ పెట్టడం ఇంకా పెద్ద మార్పు. లావు తీగతో చుట్టిన, రెసిస్టెన్స్ తక్కువున్న కాయిల్ కావాలి. లేకపోతే బేస్ మీద పట్టు సడలుతుంది. వూఫర్ సొంత వాయిస్ కాయిల్ వల్ల ఇంపీడెన్స్ పైకి పోతూ ఉంటుంది కాబట్టి ఒట్టి సూత్రం ఇక్కడ పనిచేయదు. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ వరసగా కలిపి వూఫర్‌కి అడ్డంగా పెట్టి దాన్ని చదును చేయాలి. దీన్నే జోబెల్ అంటారు. ఇక్కడిదాకా వచ్చామంటే రిపేరు దాటి కొత్త డిజైన్‌లోకి వచ్చామన్నమాట. మైక్ లేకుండా చేయొద్దు.

మూడోది నాచ్ ఫిల్టర్. కొలిస్తే సరిగ్గా ఒక్కచోట, ఉదాహరణకి 3 కిలోహెర్ట్జ్ దగ్గర, గుట్టలా లేచి ఉందనుకోండి. 0.3 మిల్లీహెన్రీ కాయిల్, సుమారు 9.4 మైక్రోఫారడ్ కెపాసిటర్, 4 ఓమ్ రెసిస్టర్, మూడింటినీ పక్కపక్కన సమాంతరంగా కలిపి, ఆ గుత్తిని డ్రైవర్‌కి వరసలో పెడతారు. 3 కిలోహెర్ట్జ్ దగ్గర కాయిల్, కెపాసిటర్ రెండూ కలిసి దారి మూసేస్తాయి. కరెంటు 4 ఓమ్ గుండా పోక తప్పదు. 8 ఓమ్ డ్రైవర్ అయితే అక్కడ 3.5 డెసిబెల్స్ తగ్గుతుంది. దూరంగా ఉన్న ఫ్రీక్వెన్సీలకి పెద్ద తేడా ఉండదు. సందు చూసి చేసే సరళాదేశం అంటే ఇదే. మొత్తం వాక్యాన్ని మార్చకుండా ఒక్క అక్షరాన్ని మెత్తబరచడం.

కొలవడం

కొలవడానికి రూమ్ ఈక్యూ విజర్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక కొలత మైక్ ఉంటే చాలు. మొబైల్ మైక్‌తో అసలు విలువలు నమ్మలేం కానీ, మార్పుకి ముందు, తర్వాత తేడా చూడటానికి పనికొస్తుంది. మైక్, స్పీకర్ కదలకూడదు, వాల్యూమ్ మారకూడదు. ఒక మీటర్ దూరం, వినేటప్పుడు చెవి ఉండే ఎత్తు.

గోడలు తిప్పికొట్టే శబ్దం కొలతని చెడగొడుతుంది. నేరుగా వచ్చిన శబ్దం కంటే ప్రతిధ్వని ఒక మీటర్ ఎక్కువ ప్రయాణిస్తే 2.9 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ సమయం దగ్గర కత్తిరించేస్తే సుమారు 340 హెర్ట్జ్ పైన వచ్చిన గ్రాఫ్ నమ్మదగ్గది. మన పని 1000 నుంచి 5000 మధ్య కాబట్టి సరిపోతుంది. సెమినార్ హాల్ మధ్యలో బల్ల మీద పెట్టి కొలిస్తే ఇంకా మంచిది.

ఒకసారికి ఒకటే మార్పు. మార్చాక గ్రాఫ్ చూడండి, తర్వాత కనీసం రెండు రోజులు మామూలుగా పాటలు వినండి. మొదటి అరగంటలో "అద్భుతం" అనిపించింది, మూడో రోజు బోర్ కొట్టొచ్చు. కరుకు తీయబోయి ప్రాణం తీసేయడం చాలా తేలిక. మృదంగం మీద దెబ్బ, వీణ మీటులోని మొదటి తాకిడి, గొంతులోని జీర, ఇవన్నీ ఉండేది కూడా ఆ 2 నుంచి 5 కిలోహెర్ట్జ్‌లోనే. అన్ని పరుషాలూ సరళాలైతే అది తెలుగు కాదు, నంగి మాట.

ఎక్కడ ఆగాలి

పాత స్పీకర్ల డ్రైవర్లు చాలావాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కాలిపోతే మళ్ళీ ఎవరి దగ్గరో కాలిపోకుండా మిగిలినదే వెతుక్కోవాలి. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకుంటే మంచిది. చేసిన ప్రతి మార్పునూ పదిహేను నిమిషాల్లో వెనక్కి తీసుకోగలగాలి. పాత క్రాస్ఓవర్ బోర్డు మీద భాగాలు కోసేయకుండా, కొత్త రెసిస్టర్లని వేరే చిన్న చెక్కముక్క మీద బిగించి మధ్యలో కలపండి. తీసినవన్నీ కవర్లో పెట్టి, తేదీ, విలువ రాసి, బాక్సు లోపలే అంటించండి. మీ తర్వాత దాన్ని తెరిచేవాడికి అది తాళం చెవి.

క్రమం మళ్ళీ ఒకసారి. ముందు శ, స పరీక్ష. తర్వాత గది, నాబ్‌ల శుభ్రం. తర్వాత ఫొటో, బ్యాటరీ పరీక్ష, మిడ్‌రేంజ్ వైర్ల దిక్కు. తర్వాత కెపాసిటర్ల కొలత. తర్వాత 1 లేదా 2 డెసిబెల్స్ రెసిస్టర్లు. వీటిలో ఏ మెట్టు మీద చెవి కుదుటపడితే అక్కడే ఆగిపోండి. మిగతా మెట్లు ఎక్కాల్సిన పనిలేదు.

ఇంట్లో అటక మీదో, ఊళ్ళో మేనమామ గారి హాల్లోనో గుడ్డ కప్పిన పాత స్పీకర్ల జత ఉంటే ఈ సెలవుల్లో ఒకసారి కదిలించండి. ఎల్సీఆర్ మీటర్ మన ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఉంది, అడిగితే ఇస్తారు. వెళ్ళేటప్పుడు 'శ' ని సరిగ్గా పలికే ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకెళ్ళండి. మీటర్ కంటే వాడు దొరకడమే కష్టం.